రెండు కొత్తలు

ఓవర్సీరు సర్వేశ్వరరావు పెరట్లోకి వచ్చి, మామిడిచెట్టుని కింద నుంచి పైకి ఒకసారి, పై నుంచి కిందికి ఒకసారి చూసి, "ఇది పోవాలమ్మా" అన్నాడు.

రాజులమ్మ ఆ చెట్టు కిందే కుట్టుమిషను ముందు కూర్చుని ఒక రవికకి చేతులు అతుకుతోంది. కాలు ఆపింది గాని సూది కింది గుడ్డని వదల్లేదు.

"ఏటి పోవాల బాబూ?"

"చెట్టు. స్టేషను నుంచి ఆస్పత్రికి కరెంటు లైను మీ పెరటి వెనక నుంచే వెళ్తుంది. అదిగో, ఒక స్తంభం అక్కడ పాతాం. తరవాతది ఆ బండ పక్కన. మధ్యలో మీ చెట్టు చేతులు చాపుకుని నిలబడింది. తీగ లాగితే సరిగ్గా దాని చంకలోంచి వెళ్తుంది."

అరకు లోయలో ఆ చిన్న స్టేషను పక్కన రైల్వే క్వార్టర్ల వరసలో చివరిది రాజులమ్మ వాళ్లది. ఒక గది, ఒక వంటిల్లు, పైన సిమెంటు రేకులు. ఉన్న ఒక్క కిటికీ కొండకేసి ఉంది. లోపల మిషను వేసుకుంటే మధ్యాహ్నం కూడా సూదికన్నం కనపడదు, ఎండాకాలం వస్తే ఒళ్లు ఉడికిపోతుంది. అందుకని రైలు పట్టాలు పడకముందు నుంచీ ఉన్న ఆ మామిడిచెట్టే ఆవిడకి దుకాణం. శుక్రవారం సంతకి కొండ దిగిన ఆడవాళ్లు దాని కిందే చతికిలబడి కొలతలిస్తారు, తెచ్చుకున్న చోడి అంబలి తాగుతారు, కుట్టిన రవిక అక్కడే తొడుక్కుని చూసుకుని పోతారు. చెట్టు పోతే తన బతుకు పోయినట్టే. ఈ మాట రాజులమ్మ మనసులో అనుకుని ఊరుకునే మనిషి కాదు. ఓవర్సీరు మొహం మీదే అనేసింది. ఆస్పత్రికి కరెంటు వద్దని తను అనడం లేదనీ, కాకపోతే ఆ స్తంభాలకి నడవడానికి లోయంతా ఖాళీగా ఉంటే తన పెరడే దొరికిందా అనీ కూడా అంది.

సర్వేశ్వరరావు చెడ్డవాడు కాదు. పని తొందరలో ఉన్న మనిషి, అంతే. చెట్టు చుట్టూ ఇంకోసారి తిరిగాడు.

"సరే, ఒక పని చెయ్యండి. ఈ తూర్పు పక్క కొమ్మలు మీరే కొట్టించుకోండి. మాను జోలికి నేను రాను. ఉగాది వెళ్లిన సోమవారం ఇక్కడ తీగ లాగుతాం. అప్పటికి కొమ్మలు కింద ఉండాలి. లేకపోతే మావాళ్లు మొదట్లో గొడ్డలి వేస్తారు. ఎక్కి ఒక్కో కొమ్మా కోసే తీరిక మాకు లేదమ్మా."

"మీరు అంత మాటన్నారు, సాలు" అంది రాజులమ్మ. ఆయన గేటు దాటక ముందే మిషను మళ్లీ మొదలెట్టింది.

ఇంటాయన వరహాలు కీమేను. రోజూ సుత్తి భుజాన వేసుకుని లోయల మీది వంతెనలు దాటి పట్టాలు చూసొస్తాడు. కింద పాతాళం కనిపిస్తున్నా కాలు తడబడదు. అదే మనిషిని చెట్టెక్కమంటే రెండో అడుగులోనే కళ్లు తిరుగుతాయంటాడు. వంతెనకి కమ్మీలుంటాయి, చెట్టుకి ఏముంటాయి అని అతని వాదన. పైగా ఆ కొమ్మలు సగం రేకుల మీదికే వంగి ఉన్నాయి. తెలియనివాడు కొడితే చెట్టుతో పాటు ఇల్లు కూడా కూలుతుంది.

కాబట్టి సోంబరు రావాలి. సోంబరుది పట్టాలకి అవతల, గెడ్డ అనే చిన్న వాగు దాటితే వచ్చే నీలంగుడ పల్లె. క్వార్టర్ల వాళ్లకి కట్టెలు తెచ్చేదీ, కంచెలు కట్టేదీ, అడ్డదిడ్డంగా పెరిగిన చెట్లు సవరించేదీ అతనే. పనిలో వంక పెట్టడానికి లేదు. రావడం మాత్రం అతని ఇష్టం. రేపు వస్తానంటే ఆ రేపు ఏ వారంలో ఉందో చెప్పడం కష్టం.

సంతకి వచ్చినవాణ్ణి రాజులమ్మ పిలిచి చెట్టు కింద నిలబెట్టింది.

"ఈ తూరుపు కొమ్మలన్నీ దించాల. రేకులకి తగలకూడదు. ఎప్పుడొత్తావు?"

సోంబరు తలెత్తి చూశాడు. కొమ్మల నిండా గోలీలంత పిందెలు వేలాడుతున్నాయి. కాసేపు చెవి గోక్కున్నాడు.

"కొత్త అయినాక వొత్తానమ్మా."

"అయిన మర్నాడేనా?"

"మర్నాడే. పొద్దున్నే."

"నాను ఓర్సీరు బాబుకి మాటిచ్చినాను. నువ్వు ఎప్పట్లాగ సేత్తే కుదరదు."

"కొత్త అయితే రానేటమ్మా?" అన్నాడు సోంబరు, నవ్వుతూ.

రాజులమ్మకి గుండెల మీది బరువు దిగింది. ఆవిడ పుట్టింది బొబ్బిలి దగ్గర. అక్కడ ఉగాదిని కొత్తమాస అంటారు. కొత్త అంటే ఇంకేముంటుంది? ఆ ఏడు కొత్తమాస గురువారం నాడు పడింది. మర్నాడు శుక్రవారం, ఆ తరవాత శని, ఆది. ఎంత బద్ధకించినా సోమవారం లోపు మూడు పొద్దులున్నాయి. ఆవిడ ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది.

కొత్తమాస బాగానే జరిగింది. కొండ మీది కాయ ఇంకా పిందె మీదే ఉంటుంది కాబట్టి వరహాలు ఎస్.కోట నుంచి మామిడికాయలు తెచ్చాడు. రాజులమ్మ పచ్చడి చేసింది, గుమ్మానికి ఆకు కట్టింది, ఇరుగు పొరుగుకి పంచింది. శుక్రవారం సంతలో సోంబరు కనపడలేదు. తాగి ఎక్కడో పడుంటాడు, రేపొస్తాడులే అనుకుంది. శనివారం మిషను దగ్గర కూర్చుందే గాని చూపంతా గెడ్డ వైపే. గొడ్డలి భుజాన వేసుకున్న మనిషి ఎవరు కనిపించినా లేచి నిలబడింది. ఒక ముసలాయనని సోంబరు అనుకుని కేకేస్తే, ఆయన పాపం ఏదో పనిస్తారేమోనని పెరట్లోకి వచ్చి కూర్చున్నాడు.

ఆదివారం పొద్దెక్కేదాకా చూసి, చెప్పులు వేసుకుని తనే బయల్దేరింది.

సోంబరు ఇంటి అరుగు మీద కూర్చుని అడ్డతీగ నారతో తాడు పేనుతున్నాడు. ఒక కొస కాలి బొటనవేలికి తగిలించి, రెండో కొస అరచేతుల మధ్య రుద్దుతూ, తీరిగ్గా. పక్కన పేనినది చుట్టగా పడుంది. రాజులమ్మని చూసి మొహం వికసించింది.

"రా అమ్మా. నీ పనికే పేన్తన్నాను. నీ కొమ్మలు బరువు, పాత తాడు ఆగదు."

అంత చల్లగా అనేసరికి రాజులమ్మకి ఒళ్లు మండిపోయింది.

"తాడెందుకు, నా మెడకేటి? లచ్చింవారం కొత్త అయింది. సుక్కురోరం రానేదు. నిన్న రానేదు. రేపొద్దున్న ఆళ్లు గొడ్డళ్లట్టుకొని వొత్తారు."

సోంబరు చేతులాగాయి. "కొత్త అవనేదు కదమ్మా."

"మొన్న సేసుకున్నది ఏటి మరి? పచ్చడి తిన్నాను, కొత్త కోక కట్టినాను."

"అది మీ కొత్తమాస. నాను సెప్పింది మామిడి కొత్త." అతను మెల్లగా, పిల్లలకి చెప్పినట్టు చెప్పాడు. మామిడికాయ ముందు కొండదేవత జాకరమ్మకి పెట్టాలి. చుక్కల లెక్క చూసే దిశారి రోజు చెప్తాడు, ఆ రోజు ఊరంతా కలిసి పెడుతుంది. అదే కొత్త. దానికి ముందు వాళ్ల పల్లెల్లో ఎవరూ కాయ తినరు, కాయ ఉన్న కొమ్మ మీద ఇనుము పెట్టరు. "పెడితే అమ్మకి కోపం. వాన ఆపీస్తది. నా ఒక్కడి మడికేటి, ఊరందరికీ ఆపీస్తది."

"ఎప్పుడు మరి ఆ కొత్త?"

"దిశారి ఇంకా సెప్పనేదు."

రాజులమ్మ అరుగు మీద కూలబడింది. సోంబరు పెళ్లాం కనక లోపల నుంచి మంచినీళ్లు తెచ్చి చేతికిచ్చింది. తాగలేదు. బతిమాలింది. కాయ ఒక్కొక్కటీ తనే కోసేస్తాను, తరవాత వట్టి కొమ్మే కదా అంది. దోషమంతా తన మీద పెట్టుకుంటాను అంది. సోంబరు తల వంచుకుని తాడు చుట్టనే చూస్తున్నాడు. అతనికి భయంగా ఉంది, అది కనిపిస్తూనే ఉంది. కానీ కోపంలో ఉన్నవాళ్లకి ఎదుటివాడి భయం కూడా మొండితనంలాగే కనిపిస్తుంది.

"నీకు రావడం ఇష్టం నేదు, అంతే" అంది లేస్తూ. "తాగినరోజు గుర్తురాని దేవత పని సెప్పినరోజు గుర్తొస్తాది. మనిసి మాటకి సిగ్గుండాల. నీలాటోణ్ణి నమ్ముకున్నందుకు నా సెప్పుతో నాను కొట్టుకోవాల. ఇంకెప్పుడూ నా గుమ్మం తొక్కకు."

అరుగుల మీద ఉన్నవాళ్లంతా విన్నారు. కనక నీళ్ల చెంబు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. సోంబరు మళ్లీ తాడు అందుకున్నాడు.

ఆ సాయంత్రం మొగుడూ పెళ్లాం తామే ప్రయత్నం చేశారు. వరహాలు నిచ్చెన వేసి మూడు మెట్లెక్కి, కళ్లు మూసుకుని చెట్టుని కౌగిలించుకున్నాడు. దింపడానికి ఎక్కించినదానికంటే ఎక్కువసేపు పట్టింది. రాజులమ్మ వెదురుగడకి కత్తి కట్టి కింద నుంచి లాగింది. నాలుగు రెమ్మలూ ఒక పక్షిగూడూ రాలాయి. గూడు ఖాళీది, అదొక్కటే నయం. పెద్ద కొమ్మ మొదట్లో కత్తి ఒక గాటు పెట్టి అక్కడే ఇరుక్కుపోయింది.

"వొగ్గీ రాజులూ. రేకుల మీద పడితే ఉన్న నీడా పోద్ది" అన్నాడు వరహాలు.

ఆవిడ గడ వదిలేసి చెట్టు కింద కూర్చుని ఏడ్చింది. చెట్టు కోసం ఏడుస్తున్నందుకు సిగ్గు కూడా వేసింది. అయినా ఆపుకోలేదు.

సోమవారం పొద్దున్నే మిషను లోపల పెట్టించింది. పెడల్ మీద ఎండుటాకులు పడి ఉంటే తుడిచింది. కూలీలు తీగ చుట్టలు దొర్లించుకుంటూ వచ్చారు. వాళ్ల వెనక ఓవర్సీరు, ఆయన వెనక లైన్‌మేన్ కొండబాబు. సర్వేశ్వరరావు తూర్పు కొమ్మలు చూశాడు, ఇరుక్కుపోయి వేలాడుతున్న కత్తినీ గడనీ చూశాడు.

"చెప్పాను కదమ్మా" అన్నాడు. గొంతులో కొంచెం బాధే ఉంది.

వరహాలు డ్యూటీకి వెళ్లకుండా గుమ్మంలో నిలబడ్డాడు.

ఓవర్సీరు చెయ్యి ఊపాడు. కూలీల మేస్త్రీ బుధు, ముంచింగిపుట్టు వైపు మనిషి, గొడ్డలి తీసుకుని మొదలు దగ్గరికి వచ్చాడు. పాదాలు ఎడంగా పెట్టి, అరచేతిలో ఉమ్మి రాసుకుని, దెబ్బ ఎక్కడ వెయ్యాలో చూడబోయి పైకి చూశాడు. అలాగే ఉండిపోయాడు. తరవాత వెనక్కి తిరిగి తనవాళ్లతో వాళ్ల భాషలో ఏదో అన్నాడు. వాళ్లూ పైకి చూశారు. ఒకడు తల అడ్డంగా ఊపాడు. బుధు గొడ్డలిని నేల మీద పెట్టి దానికి దూరంగా జరిగాడు.

"ఏమైందిరా?"

"కొత్త అవనేదు బాబూ."

రాజులమ్మ చటుక్కున తలెత్తింది. నిన్నంతా తను తిట్టిన మాట. నీలంగుడకి ఎక్కడో దూరాన పుట్టినవాడి నోటి నుంచి, అదే మాట, అంతే మెల్లగా.

"కొత్తేమిటి, పాతేమిటి? కొట్టు" అన్నాడు సర్వేశ్వరరావు.

"ఇంకే సెట్టయినా కొడతాం బాబూ. కొత్త సేసి కాయ తిన్నదాకా కాయున్న మామిడి కొట్టం."

ఓవర్సీరు అరిచాడు. రేపటి నుంచి పనిలోకి రావద్దన్నాడు. కూలీలు వరసగా గోడ నీడలో కూర్చున్నారు. ఆయన కొండబాబు వైపు తిరిగాడు. కొండబాబు తన బెల్టు సర్దుకుని, "నేను తీగల మనిషినండి. గొడ్డలి పని నాకు రాదండి" అన్నాడు. ఆస్పత్రి దాకా ఇంకా బోలెడు స్తంభాలున్నాయి. ఈ మనుషులు కొండెక్కి పోతే వాటిని మొయ్యడానికి ఇంకెవరూ దొరకరు. ఆ సంగతి అందరికంటే ఆయనకే బాగా తెలుసు.

సర్వేశ్వరరావు కాసేపు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. ఆయన చూపు గుమ్మానికి కట్టిన మామిడాకు మీద పడింది. వాడి, ముడుచుకుపోయి ఉంది. ఆయన మొహం తేటపడింది.

"ఒరే బుధూ, ఈ చెట్టు ఎవరిది? ఈ ఇంటివాళ్లది. ఈ ఇంటివాళ్లు మీవాళ్లు కాదు, మావాళ్లు. మా కొత్త అయిపోయింది. ఆవిణ్ణే అడుగుదాం. ఏమ్మా, గురువారం మామిడికాయ తిన్నారా, లేదా?"

అందరూ రాజులమ్మ వైపు తిరిగారు. బుధు కూడా. అతని మొహంలో ఏ పక్షమూ లేదు. ఆవిడ చెప్పిన మాటని బట్టి నడుచుకుంటాడు, అంతే. ఇంటివాళ్ల కొత్త అయిపోయిందంటే అతనికి అడ్డమేమీ మిగలదు.

తినలేదంటే సరిపోతుంది. వరహాలు గుమ్మంలోంచి అదే సైగ చేస్తున్నాడు. కానీ వీధి వీధంతా పచ్చడి పంచిన మనిషి, పక్క గోడ మీంచి ముగ్గురు ఆడవాళ్లు తొంగి చూస్తుండగా ఎలా అంటుంది? అదొకటే కాదు. ఆ కూర్చున్నవాళ్లు పని పోతుందన్నా కదలకుండా ఒక నిజం మీద కూర్చున్నారు. వాళ్ల ముందు అబద్ధమాడటానికి ఆవిడకి నోరు రాలేదు.

"తిన్నాను బాబూ" అంది.

"విన్నావురా?"

"తిన్నది ఎస్.కోట కాయ. అక్కడి కాయ ముదిరిపోయింది, దాని కొత్త అయింది, నాను తిన్నాను." తను ఏం చెప్పబోతోందో రాజులమ్మకే అప్పుడు తెలిసింది. "ఈ సెట్టు కాయ నాను ముట్టనేదు. నా కొత్త అయింది బాబూ. సెట్టు కొత్త అవనేదు. అది నా ఊరిది కాదు, ఈ కొండది."

బుధు తల ఊపాడు, లెక్క సరిపోయినట్టు. "అవును బాబూ. కొత్త కాయకే గదా. మనిసికేటి?"

సర్వేశ్వరరావు జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. ఆ తరవాత ఆయనకి నవ్వొచ్చింది. ఆపుకోవాలని చూశాడు, కుదరలేదు.

"ఎప్పుడురా మరి దీని కొత్త?"

"దిశారి సెప్పాల."

"ఎప్పుడు చెప్తాడు?"

"సెప్పినప్పుడు బాబూ."

ఆయన కొండబాబుని పిలిచి, ఆస్పత్రి వైపు నుంచి తీగ లాక్కుంటూ రండి, ఈ రెండు స్తంభాల మధ్య ముక్క ఆఖర్న చూద్దాం అన్నాడు. పోతూ పోతూ రాజులమ్మ దగ్గర ఆగి, "కొత్త అయిన మర్నాడు మాత్రం కొమ్మలు కింద ఉండాలమ్మా. అప్పుడు చెట్టు తరపున వకాల్తా తీసుకుంటే ఒప్పుకోను" అన్నాడు.

వాళ్లు వెళ్లాక వరహాలు అడక్కుండానే మిషను ఎత్తి తెచ్చి చెట్టు కింద పెట్టాడు.

ఆ తరవాతి రోజుల్లో ఆవిడకి చెట్టు గురించిన బెంగ తగ్గి ఇంకో బెంగ పట్టుకుంది. సోంబరు వస్తాడా? తన గుమ్మం తొక్కొద్దని, అతని ఊళ్లో, అతని పెళ్లాం ముందు అంది. వెళ్లి పిలవాలని రోజూ అనుకుంది. గెడ్డ దాకా ఒకసారి నడిచింది కూడా. ఏ మొహం పెట్టుకుని వెళ్లాలో తెలియక తిరిగొచ్చింది. ఇంకెవరినైనా పిలుద్దామా అన్నాడు వరహాలు. ఆవిడ వద్దంది. అతను రాకపోతే చెట్టు పోతుంది, అది తన నోటి వల్లే పోతుంది. దానికి ఓవర్సీరుని తిట్టుకోవడానికి కూడా ఉండదు.

ఒక మధ్యాహ్నం నీలంగుడ నుంచి డప్పులు వినిపించాయి. సాయంత్రం దాకా ఆగలేదు. పట్టాల మీంచి వచ్చిన వరహాలు సుత్తి దింపుతూ, "నీ సెట్టు కొత్త అవుతున్నట్టుంది" అన్నాడు. రాజులమ్మ నవ్వలేకపోయింది.

మర్నాడు తలుపు తీసేసరికి సోంబరు పెరట్లో ఉన్నాడు. గొడ్డలి, కత్తి, భుజాన కొత్త అడ్డనార తాడు. ఇరుక్కుపోయిన కత్తినీ గడనీ చూసి తల గోక్కుంటున్నాడు. పొద్దింకా కొండ దాటలేదు.

ఆవిడ ఏదో అనబోయేసరికి అతను చెట్టు మీద ఉన్నాడు.

మధ్యాహ్నం దాకా పని సాగింది. ముందు కొమ్మకి తాడు కట్టి, దాన్ని పై పంగ మీంచి వేసి కొస వరహాలు చేతికిచ్చాడు. కొమ్మ అడుగున ఒక గాటు పెట్టి, తరవాత పైనుంచి కోశాడు. కింద గాటు లేకపోతే కొమ్మ విరిగేటప్పుడు మాను బెరడు కూడా ఒలుచుకుపోతుంది. కొమ్మ మూలిగి తాడు మీద వాలేది. వరహాలు పట్టాల మనిషి, తాడుని అంగుళం అంగుళం వదిలేవాడు. రేకులకి ఒక ఆకు తగిలిన చప్పుడు కూడా కాలేదు. అన్నీ దిగాక సోంబరు పేడా మట్టీ కలిపి పైకి తీసుకెళ్లి కోసిన చోటల్లా పూశాడు. మొదట్లో మిగిలిన రాజులమ్మ కత్తి గాటుకి కూడా పూశాడు.

తూర్పు పక్కంతా బోసిపోయి ఆకాశం కనిపించింది. పడమటి పక్క చెట్టు చెట్టుగానే ఉంది. నీడ సగమే మిగిలింది. సగం చాలు అనుకుంది రాజులమ్మ. మిషనుని పడమటికి జరుపుకుంటే సరి. గుండె నిండా గాలి పీల్చుకుని చాలా రోజులైందని అప్పుడే తెలిసింది ఆవిడకి.

సోంబరు దిగి, చేతులు కడుక్కుని, గోడ వార కూర్చున్నాడు. ఆవిడ కంచంలో అన్నం పెట్టుకొచ్చి ముందు పెట్టింది. పెట్టి అక్కడే నిలబడింది. ఇలాంటి మాటలు ఆవిడకి అలవాటు లేదు.

"సోంబరూ, ఆ ఆదివారం మీ ఊరొచ్చి నాను అన్న మాటలు..." అంది.

సోంబరు అన్నం కలుపుతూ తలెత్తాడు.

"ఏటన్నావమ్మా? నువ్వు కోపంగున్నప్పుడు మరీ బేగి మాటాడతావు. నాకు అంత తెలుగు రాదు."

చెప్పి, ఇంకొంచెం పులుసు ఉంటే పొయ్యమన్నాడు.